పాత కారుకు కొత్త బ్రేకు పైపు: ఎంపిక, బిగింపు

పాల సంఘాల పత్రికలో బ్రేకు పైపుల ప్రసక్తి ఏమిటని సభ్యులకు అనిపించవచ్చు. తనిఖీ నిమిత్తం నేను తిరిగే సంఘాలలో కొన్నింటికి ఇప్పటికీ పాత అంబాసిడరు కారు ఉన్నది. వెనుక సీటు తీసివేసి, చెక్క పలక వేసి, సాయంత్రం పాల క్యాన్లు శీతల కేంద్రానికి చేర్చడానికి దానిని వాడుతున్నారు. సొంతానికి అంబాసిడరో జీపో ఉంచుకున్న సభ్యులు కూడా ఉన్నారు. హిందుస్తాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడరు తయారీని 2014లో నిలిపివేశారు. అంటే ఈ బండ్లలో అతి చిన్నదానికి కూడా పదేళ్లు దాటిపోయాయి. ఇంజను బాగున్నదా, టైర్లు బాగున్నవా అని అందరూ చూస్తారు గాని, బండి కింద తుప్పు పట్టిన సన్నని గొట్టాన్ని వంగి చూసేవారు అరుదు.

నేను పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చదివి, ఆ పిమ్మట సహకార శాఖలో చేరినవాడిని. ఈ విషయం నాకు పుస్తకాలు నేర్పినదానికన్నా ఒక పొరపాటు ఎక్కువగా నేర్పింది. అది కూడా నా పొరపాటే గనుక దాచకుండా రాస్తున్నాను.

2012 మొదట్లో ఒక సంఘం లెక్కలు తనిఖీ చేస్తూ ఉండగా, కారుకు కొత్త బ్రేకు పైపు వేయించిన ఓచరు కనిపించింది. మొత్తం ఎక్కువగా ఉన్నదనిపించి, "అతుకుతో సరిపోయే పనికి పూర్తి పైపు ఎందుకు మార్చవలసి వచ్చినదో వివరణ ఇవ్వవలెను" అని అభ్యంతరం రాశాను. కార్యదర్శి గారు భయస్థులు. కొన్ని నెలలకు వెనుక ఇరుసు మీది పైపు కారడం మొదలుపెట్టినప్పుడు, మళ్లీ అభ్యంతరం వస్తుందేమోనని, ఫ్రిజ్‌లకు వాడే రాగి గొట్టం ముక్కను ఇత్తడి జాయింటుతో అతికించి సరిపెట్టించారు. ఆగస్టులో ఒక సాయంత్రం అదే కారులో, తొమ్మిది పాల క్యాన్ల ముందు కూర్చుని నేను వస్తున్నాను. చెరువు కట్ట దిగుతుండగా గేదెల మంద అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కితే పెడలు నేలకు తగిలింది. అతను గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, కారును పక్కనున్న చేలోకి దింపాడు. మనుషులకు గాని గేదెలకు గాని దెబ్బ తగలలేదు. మూడు క్యాన్ల పాలు నేలపాలయ్యాయి. బురదలో పడుకుని కిందకు చూస్తే జాయింటులో నుంచి గొట్టం ఊడి వేలాడుతున్నది.

డిప్లొమా చేసినవాడినై ఉండి కూడా ఓచరు మీద అంకె చూశానే గాని, ఆ అంకె దేనికో చూడలేదు. మరుసటి తనిఖీలో ఆ అభ్యంతరాన్ని నేనే ఉపసంహరించాను.

ఒక్క చుక్క కారితే ఏమవుతుంది?

బ్రేకు పని చేసే విధానం తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. పెడలు తొక్కగానే మాస్టర్ సిలిండరులోని పిస్టను బ్రేకు ఆయిలును నెడుతుంది. ద్రవం నొక్కుకుపోదు గనుక ఆ ఒత్తిడి పైపుల ద్వారా చక్రం దగ్గరి చిన్న సిలిండరుకు చేరి, లోపలి షూలను డ్రమ్ముకు అదిమిపెడుతుంది. గట్టిగా తొక్కినప్పుడు పైపులో ఒత్తిడి చదరపు అంగుళానికి 1000 పౌన్ల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడా ఉంటుంది. కారు టైరులో ఉండేది 30 పౌన్లకు కాస్త అటూ ఇటూ. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే, అతుకు వేయడానికి ఇది నీళ్ల గొట్టం కాదని తెలుస్తుంది.

పాత అంబాసిడర్లలోను, పాత జీపులలోను మాస్టర్ సిలిండరు ఒకే వరుసది. నాలుగు చక్రాలకూ ఒకే ఆయిలు, ఒకే దారి. వెనుక ఎడమ చక్రం దగ్గర పైపు పగిలితే ముందు చక్రాల బ్రేకులు కూడా పోతాయి. తరువాతి కాలపు బండ్లలో రెండు వరుసలు పెట్టారు గనుక ఒకటి పోయినా రెండవది కొంత ఆదుకుంటుంది. పాత బండిలో ఆ ఆసరా లేదు. మిగిలేది హ్యాండ్ బ్రేకు ఒక్కటే. దానికి ఆయిలుతో సంబంధం లేదు, తీగలతోను కడ్డీలతోను వెనుక షూలను లాగుతుంది. కనుక పాత బండి నడిపే ప్రతి డ్రైవరూ హ్యాండ్ బ్రేకును ఎప్పుడూ పని చేసే స్థితిలో ఉంచుకోవాలి. చాలా బండ్లలో అది అలంకారానికే ఉండటం చూస్తున్నాను.

తుప్పు ఎక్కడ మొదలవుతుంది?

సాధారణంగా పైపును పట్టి ఉంచే క్లిప్పుల కింద, ఇరుసు మీద బురద పేరుకునే చోట తుప్పు మొదలవుతుంది. పాల బండికి ఇంకొక బాధ ఉన్నది. ఒలికిన పాలు, క్యాన్లు కడిగిన నీళ్లు డిక్కీ అడుగున ఉన్న రంధ్రాల గుండా సరిగ్గా వెనుక ఇరుసు మీదికే కారుతాయి. పులిసిన పాలలోని ఆమ్లం ఇనుమును తింటుంది. సముద్ర తీర గ్రామాలలో ఉప్పు గాలి ఈ పనిని త్వరపెడుతుంది. వారానికి ఒకసారి డిక్కీ కింది భాగాన్ని మంచినీటితో కడిగితే పైపు ఆయువు పెరుగుతుంది.

పైపును పరీక్షించేటప్పుడు పైన తుడిచి చూసి సరిపెట్టుకోరాదు. క్లిప్పులు ఊడదీసి, తీగ బ్రష్షుతో మెల్లగా రుద్ది, గోరుతో తడిమి చూడాలి. రంగు మాత్రమే పోయి ఉంటే ఫరవాలేదు. గోరుకు గుంట తగిలిందంటే ఆ పైపు పని అయిపోయినట్టే. ఒక పైపు అలా ఉన్నదంటే అదే వయసున్న మిగతా పైపులు కూడా అదే దారిలో ఉన్నాయని అర్థం. కారిన ముక్కను మాత్రమే మార్చి ఊరుకుంటే రెండు నెలల తరువాత బండి కింద మళ్లీ పడుకోవలసిందే.

ఏ పైపు కొనాలి?

ఎక్కువ పాత కార్లలో పైపు బయటి వ్యాసం 3/16 అంగుళం, అంటే 4.75 మిల్లీమీటర్లు. గోడ మందం సుమారు 0.7 మిల్లీమీటరు. విజయవాడ ఆటోనగర్‌లో గాని, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గాని అడిగితే బండీ ట్యూబు అని ఇస్తారు. ఈ బండీ మన బండి కాదు, మొదట దానిని తయారు చేసిన అమెరికా కంపెనీ పేరు. రాగి పూత ఉన్న పలుచని ఉక్కు పట్టీని రెండు చుట్లు చుట్టి, కొలిమిలో ఆ రాగిని కరిగించి ఒకే గొట్టంగా అతికిస్తారు. లోపల అతుకు విడిపోదు, ఒత్తిడికి బాగా నిలుస్తుంది. పైన జింకు పూతో ప్లాస్టిక్ పూతో ఉన్నదానిని ఎంచుకోవాలి. పూత లేనిది చౌకగా వస్తుంది గాని పాల బండికి తగదు.

రాగికి నికెలు పది పాళ్లు కలిపిన పైపు ఇంకొక రకం. స్వీడన్‌లోని వోల్వో కంపెనీ వారు 1970ల నుంచే తమ కార్లకు ఇట్టి పైపులు వాడారు. తుప్పు పట్టదు, చేతితో సులువుగా వంగుతుంది, మూతి విప్పినా చీలదు. ధర ఎక్కువ. అయినా దొరికితే పాల బండికి అదే కొనమని నా సలహా.

ఈ పైపు, ఫ్రిజ్ మెకానిక్కు దగ్గర దొరికే మామూలు రాగి గొట్టం ఒకటి కావు. చూపులకు రెండూ ఎర్రగానే ఉంటాయి కనుక పొరబడతారు. రాగికి తుప్పు పట్టదన్న మాట నిజమే. అయితే శుద్ధమైన రాగి అదురుకు క్రమంగా గట్టిపడి, పెళుసై, మూతి దగ్గర చిట్లుతుంది. మన మట్టి రోడ్ల మీద అదురుకు కొరత లేదు. ఇక స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం మంచిదే గాని మామూలు చేతి పనిముట్టుతో దాని మూతి సరిగా విప్పడం కష్టం, కారుతూనే ఉంటుంది.

మరల దగ్గర మోసపోవద్దు

మూతికి ఉండే నట్టు విషయంలో నేను ఎక్కువ హెచ్చరిక చేయదలచాను. అంబాసిడరు ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనా మీద వచ్చిన బండి. జీపు అమెరికా నమూనా. రెండింటిలోనూ పాత పైపుల నట్లు అంగుళాల లెక్కవి. 3/8 అంగుళం నట్టుకు అంగుళానికి 24 మరలు. కొత్త తరం బండ్ల నట్లు మెట్రిక్ లెక్కవి: 10 మిల్లీమీటర్ల నట్టుకు ఒక్కొక్క మర ఒక మిల్లీమీటరు. 3/8 అంగుళం అంటే 9.5 మిల్లీమీటర్లు. తేడా అర మిల్లీమీటరే గనుక, అంగుళాల నట్టు మెట్రిక్ రంధ్రంలోకి వదులుగా దిగిపోతుంది. చివర్లో బిగిసినట్టు కూడా అనిపిస్తుంది. నిజానికి అది రెండు మూడు మరల అంచుల మీద మాత్రమే పట్టుకుని ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద మెల్లగా తొక్కినంతవరకు నిలుస్తుంది. గట్టిగా తొక్కవలసిన రోజున ఊడుతుంది.

పాత బండికి ఇంతకు పూర్వం ఎవరు ఏ భాగం మార్చారో తెలియదు గనుక, ఒకే బండిలో రెండు రకాలూ ఉండవచ్చు. కొనబోయేటప్పుడు పాత పైపును నట్లతో సహా దుకాణానికి తీసుకువెళ్లాలి. కొత్త నట్టు మరలను పాత నట్టు మరలతో పక్కపక్కన ఆనించి వెలుతురులో చూస్తే కలిసినదీ లేనిదీ తెలిసిపోతుంది. దుకాణంలో ఉంటే మర గేజీ అడగండి. బిగించేటప్పుడు నట్టు మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే తేలికగా తిరగాలి. పానాతో బలవంతం చేయవలసి వస్తే అది వేరే నట్టు, లేక వంకరగా ఎక్కిన నట్టు.

మూతి విప్పడం

నట్టు లోపల పైపు మూతిని విప్పి ఉంచే పనిని ఫ్లేర్ అంటారు. ఆయిలు కారకుండా ఆపేది ఈ మూతే. నట్టు మరలు దానిని అదిమి పట్టడానికే ఉన్నాయి. ఉక్కు పైపు మూతిని గరాటులా ఒక్కసారి విప్పి వదిలితే అంచు చీలుతుంది. ఆ అంచును తిరిగి లోపలికి మడిచి రెండు పొరలు చేయాలి. దీనిని డబుల్ ఫ్లేర్ అంటారు. కొన్ని చోట్ల మూతి బుడగలా ఉబ్బి ఉంటుంది, అది వేరే రకం. ఒకే పైపుకు ఒక చివర ఒక రకం, రెండవ చివర ఇంకొక రకం ఉండటం కూడా కద్దు. ఒకదానికి బదులు ఇంకొకటి వేస్తే ఎంత బిగించినా కారుతుంది. కనుక పాత పైపు చివరలు పారవేయకుండా అచ్చు అలాగే చేయించాలి.

పైపును హాక్సా బ్లేడుతో కోయించకండి. పొడి లోపల పడుతుంది, మూతి ఏటవాలు అవుతుంది. చక్రం ఉన్న పైపు కట్టరుతో కోసి, లోపలి అంచును గీకి, గాలి ఊది శుభ్రం చేయాలి. మూతి విప్పడానికి ముందే నట్టును పైపు మీదికి ఎక్కించాలి. ఎంతటి అనుభవజ్ఞుడైనా ఒకసారి ఇది మరచి, మూతి అందంగా విప్పిన తరువాత నట్టును చేతిలో చూసుకుని నాలుక కరుచుకుంటాడు.

అతుకు అసలు వేయనే కూడదా అని కొందరు అడుగుతారు. రెండు చివరలకూ సరైన ఫ్లేర్ చేసి, బ్రేకుల కోసమే చేసిన యూనియన్‌తో కలిపితే తప్పు లేదు. లోపల ఇత్తడి రింగు నొక్కుకుని పట్టే నీళ్ల గొట్టం జాయింట్లు, పెట్రోలు పైపు జాయింట్లు, రబ్బరు గొట్టం తొడిగి క్లిప్పు వేయడం, గ్యాస్ వెల్డింగు మాత్రం బ్రేకు పైపుకు ఏ పరిస్థితిలోనూ పనికిరావు.

బిగించే పద్ధతి

బండిని జాకీ మీద మాత్రమే ఉంచి కిందికి దూరరాదు. ఇటుకలు పేర్చి వాటి మీద నిలపరాదు, బరువుకు ఇటుక పొడి అవుతుంది. గట్టి ఇనుప స్టాండ్లు పెట్టి, నేల మీద ఉన్న చక్రాలకు ముందు వెనుక దిమ్మలు అడ్డం వేయాలి.

పాత నట్లు విప్పడానికి మామూలు పానా వాడితే మూలలు అరిగిపోతాయి. పైపు దూరేందుకు గాటు ఉన్న రింగు పానాలు దొరుకుతాయి, అవే వాడాలి. ముందు రోజు రాత్రి తుప్పు వదిలించే ఆయిలు రాసి ఉంచితే మంచిది. పాత పైపును కోయకుండా ఒకే ముక్కగా తీసి, దాని ఒంపుల ప్రకారం కొత్తదానిని వంచాలి. చేతిలో మోకాలికి ఆనించి వంచితే నలుగుతుంది. నలిగిన పైపు లోపల ఆయిలు దారి మూసుకుపోతుంది. బెండరు లేకపోతే నున్నని గుండ్రటి గొట్టం చుట్టూ మెల్లగా తిప్పాలి.

కొత్త పైపు పాతది పోయిన దారినే పోవాలి. సైలెన్సరు గొట్టానికి దూరంగా, కదిలే ఇరుసుకు గాని స్ప్రింగుకు గాని రాసుకోకుండా ఉండాలి. కంపెనీ క్లిప్పులు ఎన్ని ఉన్నాయో అన్నీ తిరిగి వేయాలి. క్లిప్పు లేని పైపు అదిరి అదిరి మూతి దగ్గర విరుగుతుంది. బిగింపులో మణికట్టు బలం చాలు. భుజం బలం వాడితే మూతి చిట్లుతుంది.

రబ్బరు హోసులను మరవరాదు. ముందు చక్రాలకు రెండు, వెనుక ఇరుసుకు ఒకటి, ఎక్కువ పాత కార్లకు మూడు ఉంటాయి. పైకి నెర్రెలు కనిపిస్తే మార్చాలని అందరికీ తెలుసు. పైకి బాగుండి లోపల ఉబ్బిన హోసు ఇంకా మోసకారి. తొక్కినప్పుడు ఆయిలును పోనిస్తుంది, వదిలినప్పుడు వెనక్కి రానివ్వదు. ఆ చక్రం పట్టి ఉండి డ్రమ్ము కాలిపోతుంది. పదేళ్లు దాటిన హోసును అనుమానించకుండా మార్చడమే మేలు. వేసేటప్పుడు మెలిక పడకుండా చూడాలి, రాగి వాషరు కొత్తది వేయాలి. బిగించిన పిమ్మట స్టీరింగును రెండు వైపులా చివరి వరకు తిప్పి, హోసు టైరుకు తగలడం లేదని రూఢి చేసుకోవాలి.

ఆయిలు, ఎయిరు తీయడం

డబ్బా మీద డాట్ 3 లేక డాట్ 4 అని ఉంటుంది. పాత కార్లకు ఇవి చాలు. డాట్ 5 అనేది సిలికాన్ ఆయిలు, దానిని వీటితో కలపరాదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిలు 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరగదు. తేమ పట్టిన తరువాత అదే ఆయిలు 140 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, బుడగ నొక్కుకుపోతుంది, పెడలు మెత్తబడుతుంది. అందుచేత సీలు తీసి నెలల తరబడి మూల పడేసిన డబ్బా వాడరాదు. రెండేళ్లకు ఒకసారి ఆయిలు మొత్తం మార్చాలి. సిలిండర్లను కిరసనాయిలుతో గాని పెట్రోలుతో గాని కడగరాదు, ఇంజను ఆయిలు చుక్క కూడా కలవరాదు. రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి. శుభ్రతకు స్పిరిటో, కొత్త బ్రేకు ఆయిలో వాడాలి.

ఇంకొక మాట. ఎయిరు తీసేటప్పుడు ఆయిలు పట్టడానికి ఒక చోట సంఘం పాల నమూనా సీసాను వాడటం నేను చూశాను. బ్రేకు ఆయిలు విషం. నమూనా సీసాలు, క్యాన్లు, పశువుల తొట్టి, గడ్డివాము దరిదాపులకు దానిని రానివ్వకండి. రంగు మీద పడితే రంగు ఊడుతుంది, వెంటనే నీళ్లు పోయాలి.

ముందుగా షూల ఎడ్జస్టుమెంటు సరిచేసి, ఆ పిమ్మట మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మన బండ్లలో అది సాధారణంగా వెనుక ఎడమ చక్రం. తరువాత వెనుక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. నిపిలుకు సన్నని గొట్టం తొడిగి, చివరను ఆయిలు ఉన్న సీసాలో ముంచాలి. ఒకరు మెల్లగా తొక్కుతుంటే ఇంకొకరు నిపిలు వదులు చేసి, బిగించిన తరువాతే పెడలు వదలమనాలి. బుడగలు ఆగేవరకు ఇలా చేయాలి. మధ్యలో మాస్టర్ సిలిండరు ఖాళీ కాకూడదు, అయితే పని మళ్లీ మొదటికి వస్తుంది. పాత సిలిండరులో పిస్టను అలవాటుగా పోని చివరి భాగంలో తుప్పు ఉంటుంది. పెడలును నేల వరకు తొక్కితే వాషరు అక్కడ కోసుకుపోతుంది. పెడలు కింద చిన్న చెక్క దిమ్మ పెట్టుకుంటే ఈ నష్టం తప్పుతుంది. సీసాలో పడిన ఆయిలును తిరిగి పోయరాదు.

పరీక్ష, ఓచరు

అన్నీ తుడిచి ఆరనిచ్చి, ఒకరు పెడలును బలంగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టి ఉంచాలి. పెడలు మెల్లగా దిగిపోతూ ఉంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ సమయంలో రెండవ మనిషి బ్యాటరీ లైటుతో ప్రతి జాయింటునూ వేలితో తడిమి చూడాలి. తరువాత ఖాళీ బండిని ఆవరణలోనే మెల్లగా నడిపి ఆపి చూడాలి. క్యాన్లు ఎక్కించడం ఆ తరువాత.

కార్యదర్శులు బిల్లు తీసుకునేటప్పుడు "బ్రేకు రిపేరు" అని ఒక్క మాట రాయించుకుని ఊరుకోవద్దు. పైపు రకం, పొడవు, నట్లు ఎన్ని, హోసులు ఎన్ని, ఆయిలు ఏ రకం, కూలి ఎంత అని విడివిడిగా రాయించండి. తీసిన పాత పైపును తారీకు చీటీ కట్టి తనిఖీ అయ్యేదాకా భద్రపరచండి. తుప్పు తిన్న ఆ పైపును బల్ల మీద పెడితే ఏ ఇన్‌స్పెక్టరూ అభ్యంతరం రాయడు. పాలకవర్గం తీర్మానం కావలసినంత ఖర్చు అయితే, బండిని ఆపి ఉంచి అత్యవసర సమావేశం వేసుకోండి. ఆ రెండు పూటలు పాలు ఆటోలో పంపిన ఖర్చును లెక్కల్లో చూపవచ్చు.

బిగించిన వారం రోజులకు జాయింట్లన్నీ మరొకసారి తడిమి చూసి, మాస్టర్ సిలిండరులో ఆయిలు మట్టం ఎంత ఉన్నదో బండి లాగ్ పుస్తకంలో తేదీతో రాసి, డ్రైవరు చేత సంతకం చేయించండి.